మా బోరు మోటారు, భాక్రా డ్యాం, నడుమన లలితమ్మ

మీ చేను కాడ ఉండే మోటారు మీద చిన్న రేకు ఒకటి ఉంటాది. ఎప్పుడన్నా చూసినారా? ఆయిలూ మట్టీ పట్టి అక్షరాలు కనపడవు. గుడ్డతో తుడిస్తే కనపడతాయి. హార్స్‌పవర్ ఇంత, వోల్టులు 415, హెర్ట్జ్ 50, ఆర్‌పీఎం 1440 అని రాసుంటారు. బోరులో దించే సబ్‌మర్సిబుల్ అయితే 2880కి అటూ ఇటూ ఉంటాది.

పద్దెనిమిదేళ్ళప్పుడు నేను పీలేరులో ఒక వైండింగ్ షాపులో కూర్చునేవాడిని. పదో తరగతి తప్పినాను. కాలిపోయిన మోటార్లు ఎద్దుల బండ్ల మీదా టీవీఎస్‌ల మీదా వస్తా ఉండేవి. ఎండాకాలం వస్తే పండగే, రైతుకి కాదు, మాకి. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందంటే మోటారు గుర్రుమని మూలుగుతా కాలిపోతాది. కాలిన తీగని పెరికేసి, స్లాట్లు గీకి, కాగితం పెట్టి, కొత్త రాగి తీగ చుట్లు లెక్కపెట్టుకుంటా చుట్టడం, వార్నిష్ పోసి ఎండబెట్టడం నా పని. అప్పుడు ఆ రేకు చూసి మేస్త్రీని ఒక మాట అడిగినాను. 1500 ఎందుకు కాలేదు, 1400 ఎందుకు కాలేదు, ఈ 1440 ఏంది అని. అది కంపెనీ వాళ్ళ సంగతి, నువ్వు చుట్టు అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆయనకీ ఎవురూ చెప్పలేదు.

జవాబు దొరికేదానికి నాకు పదేళ్ళు పట్టింది. తిరుపతిలో పాత పుస్తకాల కాడ ఒక ఇంజనీరింగ్ పుస్తకం కొన్నాను. ఇంగ్లీషు రాదు, నిఘంటువు పక్కన పెట్టుకోని చదివినాను. 120ని 50తో హెచ్చించి, మోటారులో ఉండే పోల్సు సంఖ్యతో భాగిస్తే వచ్చేది అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం. నాలుగు పోల్సుకి 1500. మన మోటారు రోటరు ఆ వేగాన్ని ఎప్పటికీ అందుకోదు, రొంత వెనకపడే తిరగాల. వెనకపడితేనే దాంట్లో కరెంటు పుడతాది, తిప్పే బలం వస్తాది. ఆ వెనకపాటు 60 చుట్లు, అంటే వందకి నాలుగు. అదీ 1440 కథ.

ఆ పుస్తకంలోనే తర్వాత ఇంకో అధ్యాయం ఉండాది. దాని పేరు సింక్రనస్ మెషీన్లు. వెనకపడని యంత్రాలు. వేగం 1500 అంటే 1500, ఒక్క చుట్టు తగ్గదు, ఒక్క చుట్టు పెరగదు. మనకి కరెంటు తయారుచేసే పెద్ద పెద్ద జనరేటర్లన్నీ ఈ జాతివే. ఆ అధ్యాయంలో లెక్కలు చూసి పుస్తకం మూసేసినాను. మళ్ళీ తెరిచినాను. ఇప్పటికీ సగమే తెలుసు. కాని ఆ లెక్కల మీద బతికిన తెలుగు ఆడమనిషి ఒకామె ఉందని తెలిసినప్పుడు మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత.

మీ ఫోన్లకి ఆమె ఫొటో వచ్చే ఉంటాది. భాక్రా డ్యాం కట్టింది ఈమే అని ఒక మెసేజీ తిరగతా ఉండాది. అది నిజం కాదు. ఆయమ్మకి అంత అబద్ధం అవసరం లేదు. నిజంగా చేసిందేందో చెప్తాను, అది చాలు.

1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టింది. ఏడుగురు పిలకాయల్లో అయిదో బిడ్డ. నాయిన పప్పు సుబ్బారావు, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠం చెప్పే ప్రొఫెసరు. అప్పుడు మన చిత్తూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండాది. 1953లో ఆంధ్ర రాష్ట్రం పుట్టేదాకా మనకి పట్నం అంటే చెన్నపట్నమే. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ 1954లో వచ్చింది, దాంట్లో ఇంజనీరింగ్ కాలేజీ 1959లో. లలిత చదివే రోజుల్లో మన పక్క పిలగాడు ఎవుడన్నా ఇంజనీరు కావాలంటే రేణిగుంటలో రైలెక్కి గిండీకి పోవాల్సిందే. కాబట్టి గిండీ కథ మన కథ కాదనుకోవద్దు.

ఆ ఇంట్లో మగపిల్లలంతా ఇంజనీర్లు అయినారు. ఆడపిల్లలకి మాత్రం చిన్న చదువులే. ఇది నేను గట్టిగా చెప్పాలనుకుంటా ఉండా. ఎందుకంటే ఈ కథ చెప్పే ప్రతివాళ్ళూ ఆ నాయిన్ని దేవుణ్ణి చేసేస్తారు. ఆయన ప్రొఫెసరే, చదువు విలువ తెలిసినోడే. అయినా 1934లో లలితకి పదైదేళ్ళకే పెండ్లి చేసినాడు. చట్టానికి తప్పు కూడా కాదు. 1929లో శారదా చట్టం వచ్చింది, ఆడపిల్లకి పద్నాలుగేళ్ళు నిండితే చాలంది. పెండ్లయినాక కూడా ఎస్సెల్సీ దాకా చదివించినాడు, అది ఒప్పుకోవాల.

1937లో భర్త చనిపోయినాడు. ఆమెకి పద్దెనిమిదేళ్ళు. చేతిలో నాలుగు నెలల ఆడబిడ్డ.

ఆ రోజుల్లో విధవ అంటే ఏందో మీ జేజిని అడగండి. గుండు, తెల్లచీర, ఒక పూట తిండి, శుభకార్యంలో మూల గది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు పెండ్లి చేయించింది 1881లో. దాని తర్వాత యాభై అరవై ఏళ్ళు గడిచినా మూల గది మాత్రం మారలేదు. లలిత మళ్ళీ పెండ్లి చేసుకోలేదు, చచ్చిందాకా. మూల గదిలో కూడా కూర్చోలేదు. పుట్టింటికి వచ్చేసింది. చదువుకుంటానంది.

క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ ఫస్టు క్లాసులో పాసయ్యింది. ఆ కాలంలో తెలివైన ఆడపిల్లకి డాక్టరు చదువే దారి. ఆమె కూడా దాన్ని గురించి ఆలోచించి, వద్దనుకునింది. డాక్టరైతే అర్ధరాత్రి పిలుపొచ్చినా పోవాల, ఇంట్లో పసిబిడ్డ ఉండాది. పగలు పోయి సాయంత్రానికి ఇంటికొచ్చే పని కావాల. నాకు ఈ కారణం శానా నచ్చింది. ఏదో గొప్ప ఆశయం పెట్టుకోని ఇంజనీరింగ్‌కి పోలేదు ఆమె. బిడ్డని చూసుకునేదానికి వీలయ్యే పని వెతుక్కునింది. మా పల్లెలో ఆడోళ్ళు ఏ పని ఒప్పుకోవాలన్నా వేసే లెక్క ఇదే కదా.

గిండీలో అప్పటిదాకా ఒక్క ఆడపిల్ల కూడా చదవలేదు. సుబ్బారావు గారు పోయి ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడినాడు. విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథంని కూడా ఒప్పించినాడు. ఇద్దరూ అడ్డం చెప్పలేదు. వందల మంది మగపిలకాయల నడుమ ఒక్క ఆడపిల్ల. హాస్టల్లో ఉండాల, బిడ్డని ఇంటోళ్ళ కాడ విడిచిపెట్టి. మగపిలకాయలు ఇబ్బంది పెట్టింది లేదంట, గాని ఒంటరితనం ఒకటి ఉంటాది కదా. కొన్నాళ్ళకి కాలేజీ వాళ్ళు ఆడపిల్లలకీ సీట్లు ఇస్తామని పత్రికలో వేయించినారు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అని ఇద్దరు వచ్చి సివిల్‌లో చేరినారు. యుద్ధం రోజులు, కోర్సు రొంత కుదించినారు, ముగ్గురూ దాదాపు ఒకేసారి బయటికొచ్చినారు. 1944 మొదట్లో లలిత చేతికి పట్టా వచ్చింది. అచ్చేసిన పట్టాలో అతను అనే ఇంగ్లీషు మాట ఉంటే దాన్ని కలంతో కొట్టేసి, పైన ఆమె అని చేత్తో రాసిచ్చినారు. కొత్తగా అచ్చేయించే ఓపిక లేకపోయె.

ఆ ముగ్గురిలో త్రేసియా తర్వాత కేరళలో చీఫ్ ఇంజనీరు దాకా పొయ్యింది. మొదటామె ఎవురు, రెండో ఆమె ఎవురు అనే తకరారు నాకొద్దు. ముగ్గురూ కలిసే ఆ గేటు తీసినారు.

ఇంక లెక్కల కాడికి వస్తాను. భయపడొద్దు, తిరనాళ్ళకి పోయినోళ్ళందరికీ అర్థమయ్యేటట్లే చెప్తాను.

మన ఊర్లలో కోలాటం ఆడతారు కదా. ఇరవై మంది గుండ్రంగా తిరగతా కర్రలు కొడతారు. అందరి దెబ్బా ఒకే క్షణంలో పడాల. సింక్రనస్ అంటే అదే. ఒక గ్రిడ్డుకి తగిలించిన జనరేటర్లన్నీ, వందల మైళ్ళ దూరంలో ఉన్నా, ఒకే తాళానికి తిరగాల. సెకనుకి 50 దెబ్బలు. వేగాలు వేరే వేరే ఉండొచ్చు. నీళ్ళతో తిరిగేవి మెల్లగా తిరగతాయి, వాటికి పోల్సు ఎక్కువ పెడతారు. 36 పోల్సు పెడితే నిమిషానికి 166 చుట్లకి పైన రొంత. బొగ్గు కాడ ఆవిరితో తిరిగేవి రెండు పోల్సుతో 3000 చుట్లు. గాని దెబ్బ మాత్రం అందరిదీ ఒకటే.

ఇప్పుడు కోలాటం ఆడేవాళ్ళ నడుములకి ఒక రబ్బరు తాడు కట్టినారనుకోండి. ఒకడు రొంత జోరుగా ఆడితే తాడు సాగతాది, తక్కినోళ్ళని లాగతాది. తాడు ఎంత సాగితే అంత బలం. జనరేటరు బలం గ్రిడ్డుకి అందేది ఇట్లనే, రోటరు రొంత ముందుకి జరిగితే. ఆ జరిగిన కోణం పెరిగే కొద్దీ అందే కరెంటు పెరగతాది. కాని దానికొక హద్దు ఉండాది. దరిదాపు లంబకోణం దాకా. అది దాటిందంటే ఎంత తోసినా బలం పెరగదు, తగ్గుతాది. తాడు తెగినట్టే, ఆటగాడు తాళం తప్పి పడతాడు. పక్కనోడి కాళ్ళకి అడ్డం పడతాడు. 2012 జూలై 30న, 31న ఉత్తరాది రాష్ట్రాలు రాష్ట్రాలే చీకట్లో మునిగినాయి కదా, ఒక లైను తెగి దాని బరువు ఇంకోదాని మీద పడి ఇట్ల ఒకదాని వెనక ఒకటి తాళం తప్పడం వల్లే.

మరి ఆ హద్దు ఎంతో ముందే లెక్క కట్టాల. ఈడే చిక్కంతా ఉండాది. జనరేటరు బయటి గూడులో మూడు తీగచుట్లు కదలకుండా ఉంటాయి. లోపల పోల్సుతో రోటరు తిరగతా ఉంటాది. పోలు ఒక చుట్టకి ఎదురుగా వచ్చినప్పుడు నడుమ సందు తక్కువ, అయస్కాంతానికి దారి సులువు. పోలు దాటిపోయి ఖాళీ ఎదురైతే దారి కష్టం. ప్రతి క్షణం ఈ విలువలు మారిపోతా ఉంటాయి. మారే విలువలతో సమీకరణం రాస్తే దాన్ని విప్పడం తలనొప్పి. వీటికి తోడు ఒక చుట్ట ఇంకో చుట్టని లాగతాది, రోటరు చుట్ట అన్నింటినీ లాగతాది.

ఫ్రాన్సులో బ్లాండెల్ అనే ఆయన దీన్ని రెండు దిక్కులుగా విడగొట్టి చూడొచ్చు అన్నాడు. పోలు నిలబడిన దిక్కు ఒకటి, పోలుకీ పోలుకీ నడుమ దిక్కు ఇంకొకటి. అమెరికాలో రాబర్ట్ పార్క్ అనే కుర్రోడు 1929లో దాన్ని పూర్తిగా తేల్చి వ్యాసం రాసినాడు. అప్పుడు అతనికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. అతను చేసిందేందంటే, మీరు రంగులరాట్నం కింద నిలబడి గుర్రం మీద కూర్చున్న మీ తమ్ముడికీ మీకూ ఎంత దూరమో కొలవాలంటే కుదరదు. క్షణానికొక కొలత. అదే మీరు కూడా ఎక్కి పక్క గుర్రం మీద కూర్చున్నారనుకోండి, రాట్నం ఎంత తిరిగినా తమ్ముడు మీకు మూరెడు దూరంలోనే ఉంటాడు. పార్క్ పోయి రోటరు మీద కూర్చున్నాడు. బయట ఉండే మూడు చుట్టల కరెంటుని ఆడనుంచి చూసినాడు. మారతా ఉండే విలువలన్నీ ఆగిపోయినాయి. సమీకరణం నెమ్మదించింది. ఇప్పటికీ ప్రపంచంలో ప్రతి ఎలక్ట్రికల్ విద్యార్థీ నేర్చుకునేది ఆ లెక్కే.

ఇంకో మనిషిని కూడా ఈడ చెప్పాల. ఎడిత్ క్లార్క్. అమెరికా ఆమె, 1883లో పుట్టింది. పన్నెండేళ్ళకే అమ్మానాయినా పోయినారు. 1919లో, అంటే మన లలిత పుట్టిన సంవత్సరంలోనే, ఎం.ఐ.టి. నుంచి ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ పట్టా తీసుకున్న మొదటి ఆడమనిషి ఆమె. అయినా ఇంజనీరు పని ఎవురూ ఇయ్యలేదు. లెక్కలు చేసిపెట్టే పనికే తీసుకున్నారు, ఇంజనీరు జీతం లేదు, పేరు లేదు. విసుగొచ్చి టర్కీకి పోయి పాఠాలు చెప్పుకునింది. 1922లో మళ్ళీ పిలిచి ఇంజనీరని ఒప్పుకున్నారు. 1926లో అమెరికా ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సభలో పెద్ద లైన్ల స్థిరత్వం మీద వ్యాసం చదివింది. ఆ సభలో వ్యాసం చదివిన మొదటి ఆడమనిషి. మూడు ఫేజుల లెక్కని రెండింటికి కుదించే దారి ఆమె పేరు మీదనే ఉండాది. 1943లో ఏసీ పవర్ లెక్కల మీద ఆమె పెద్ద పుస్తకం అచ్చయ్యింది. అదే యేడు గిండీలో లలిత చదువు ముగింపుకొస్తా ఉండాది. ఆ ఇద్దరికీ పరిచయం ఉండిందని నేను చెప్పడం లేదు. ఒక చదువు, రెండు ఖండాలు, రెండు ఇండ్లలో ఎట్లాంటి తలుపులు తట్టి లోపలికి రావాల్సి వచ్చిందో చూపిస్తా ఉండా, అంతే.

చదువయ్యినాక లలిత బీహారులో జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒక యేడు పని నేర్చుకునింది. రైలింజన్లు రిపేరు చేసే జాగా. మా షాపులో చేతులు ఎట్ల నల్లగా ఉంటాయో ఆమె చేతులూ అట్లనే ఉండుంటాయి అనుకుంటే నాకు అదో సంతోషం. ఆనక 1944లో సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంట్. లండన్‌లో ఉండే ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పరీక్ష కూడా అప్పుడే రాసింది. 1946 డిసెంబరులో ఆ ఉద్యోగం మానేసి మద్రాసుకి వచ్చి నాయిన పరిశోధనల్లో చేయి కలిపింది. ఆయనకి ఏవేవో కొత్తవి చేసే పిచ్చి. కరెంటుతో వాయించే వాయిద్యం ఒకటి, పొగరాని పొయ్యి ఒకటి. పొగరాని పొయ్యి అంటే నవ్వొద్దు, మా అమ్మ కండ్లు పోయింది పొయ్యి పొగలోనే.

1948లో కలకత్తా. అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అని బ్రిటిషు కంపెనీ. దాంట్లో ఇంజనీరింగ్ విభాగంలో చేరింది. అన్నదమ్ముల్లో ఒకాయన అక్కడ ఉండాడు, బిడ్డతో పాటు ఆడికే పొయ్యింది. రమారమి ముప్పై ఏళ్ళు అదే పని. కరెంటు లైన్లు ఎట్ల పోవాలో గీయడం, సబ్‌స్టేషన్లో ఏ సామాను యాడ ఉండాలో నిర్ణయించడం, ఒప్పుకున్న కాంట్రాక్టులు నడిపించడం. ఆమె చేసిన వాటిలో పేరుబడింది భాక్రా నంగల్ డ్యాం జనరేటర్ల పని. సట్లెజ్ నది మీద 226 మీటర్ల ఎత్తు గోడ, 1963 అక్టోబరులో నెహ్రూ దేశానికి అంకితం చేసినాడు. గోడ కట్టింది వేల మంది కూలీలు. ఆమె వంతు దాని కరెంటు యంత్రాల లెక్కలో ఒక ముక్క. ఆ ముక్క చిన్నది కాదు.

ఇట్లాంటి పని అంటే ఏందో తెలీకపోతే గొప్ప అర్థం కాదు. ఒక సబ్‌స్టేషన్ కట్టాలంటే యాడో షార్టు అయినప్పుడు ఎన్ని వేల ఆంపియర్లు పారతాయో ముందే తెలియాల. దానికి తగిన బ్రేకరు పెట్టాల. దానికి జనరేటరు లోపలి విలువలు కావాల, నేను పైన చెప్పిన ఆ రెండు దిక్కుల విలువలే. తప్పితే యంత్రం కాలిపోతాది, మనిషి కూడా. కంప్యూటరు లేదు. స్లైడ్ రూలూ, లాగరిథం పట్టికా, కాగితం. షార్టు అయినాక రోటరు ఎట్ల ఊగతాదో సెకనులో ఇరవయ్యో వంతు చొప్పున అడుగడుగునా చేత్తో వేసుకుంటా పోవాల. ఆ కాలం ఇంజనీర్లంతా ఇట్లనే చేసినారు. మీటింగుల్లో దండలు వేసే పని కాదిది. ఎవురికీ కనపడని పని.

గుర్తింపు రొంత వచ్చింది, దేశం బయటనే ఎక్కువ. లండన్ సంస్థ 1953లో అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా చేర్చుకునింది. 1964 జూన్‌లో న్యూయార్కులో ఆడ ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభ జరిగింది. మన దేశంలో అట్లాంటి సంఘమే లేదు కాబట్టి ఆమె తన సొంత హోదాలో పోయొచ్చింది. 1965లో లండన్‌లోని ఆడ ఇంజనీర్ల సొసైటీలో సభ్యురాలయ్యింది. 1967లో కేంబ్రిడ్జిలో రెండో సభ జరిగినప్పుడు భారతదేశం తరఫున పనులన్నీ ఈమే చూసుకునింది. 1977లో రిటైరయ్యింది. 1979 అక్టోబరు 12న చనిపోయింది, మెదడులో రక్తనాళం జబ్బుతో. అరవై ఏళ్ళు. ఆడపిల్ల పెండ్లి వయసు పద్దెనిమిదికి పెంచిన చట్టం అంతకు ముందు యేడే, 1978లో వచ్చింది.

మీలో కొందరు ఇప్పుడు అనుకుంటా ఉంటారు. ఆమెకేం, నాయిన ప్రొఫెసరు, ఇంటి నిండా ఇంజనీర్లు, మాకెవురుండారు అని. నేనూ అదే అనుకున్నాను. నిజమే. తలుపు తట్టేదానికి ఆ నాయిన లేకుంటే లలిత పేరు మనకి తెలిసేదే కాదు. ఆ కాలంలో పద్దెనిమిదేళ్ళకి మొగుడు పోయిన ఆడపిల్లలు మన పుంగనూరులో, మదనపల్లెలో, సత్యవేడులో ఎంతమంది? వాళ్ళలో లెక్కలొచ్చినోళ్ళు ఎంతమంది? మా అక్క ఒకతి. మొగుడు బతికే ఉండాడు, గాని పదైదేళ్ళకే పెండ్లి. ఎనిమిదో తరగతిలో మా అయ్యవారు బోర్డు మీద వేసిన లెక్క తప్పని లేచి చెప్పిన పిల్ల. ఆమె పెండ్లిలో నేను బస్సు దగ్గర చుట్టాలకి నీళ్ళ ప్యాకెట్లు పంచినాను. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఇంక చెప్పను.

ఒక సంగతి మాత్రం చెప్పాల. 2013 డిసెంబరు 31 దాకా మన దక్షిణాది గ్రిడ్డు వేరే, ఉత్తరాది గ్రిడ్డు వేరే. నడుమ డీసీ లైన్లు ఉండేవి, తాల్చేరు నుంచి మన పక్కనుండే కోలారుకి వచ్చేదాని మాదిరి. దాంట్లో కరెంటు వస్తాది గాని తాళం కలవదు. ఆ రోజు రాయచూరు నుంచి షోలాపూరుకి 765 కిలోవోల్టుల లైను కలిపినారు. అప్పటినుంచి దేశం అంతా ఒకే కోలాటం. హిమాచల్లో భాక్రా కాడ తిరిగే రోటరూ, పీలేరు దగ్గర వెయ్యి అడుగుల బోరులో మునిగుండే మన మోటారుకి వచ్చే 50 హెర్ట్జూ ఇప్పుడు ఒకటే దెబ్బ. మీరు స్టార్టరు బటన్ నొక్కితే ఆ రోటరు కోణం వెంట్రుకలో వెయ్యో వంతన్నా కదలతాది. కంటికి కనపడదు, లెక్కకి కనపడతాది. ఇప్పుడు ఆ రేకు మళ్ళీ తుడిచి చూడండి.

మా వీధిలో ఒక పాప ఉండాది. ఈ యేడు పదోతరగతి పాసయ్యి పాలిసెట్ రాసింది, మంచి ర్యాంకే వచ్చింది. ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తానంటాది. ఇంట్లో వద్దంటా ఉండారు. స్తంభాలెక్కే చదువు ఆడపిల్లకెందుకు, సంబంధం వచ్చిండాది, పిలగాడికి సొంత ట్రాక్టరు ఉండాది అని. వాళ్ళ నాయిన మంచోడే, మోటారు కాలితే నా దగ్గరికే వస్తాడు. పదైదేళ్ళకి పెండ్లి ఇప్పుడు నేరమని చెప్తే ఆయనకి కోపమొచ్చింది, అయితే పద్దెనిమిది దాకా ఇంట్లోనే ఉంచుకుంటాలే అన్నాడు. చట్టం నోరు మూయిస్తాది గాని సీటు ఇప్పించదు కదా.

పోయిన వారం వాళ్ళింటికి పోయినప్పుడు ఈ కథంతా చెప్పినాను. విధవ అనంగానే ఆ పాప వాళ్ళ అమ్మ వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడింది. పట్టాలో కలంతో కొట్టేసి ఆమె అని రాసిచ్చిన సంగతి చెప్తే నవ్వింది. నాయిన ఏమీ అనలేదు. మోటారు మళ్ళీ గుర్రుమంటా ఉండాది, ఒకసారి వచ్చి చూసిపో అన్నాడు. ఆదివారం పోతా ఉండా. పానా పట్టుకునేదానికి ఆ పాపని కూడా బాయి కాడికి రమ్మన్నాను.